కాటా మీద అరవై కిలోలు

ఆళ్లగడ్డ దాటి నంద్యాల పోయే రోడ్డు పక్కన ఒక కాటా ఉంది. వడ్ల లారీలు, పత్తి ట్రాక్టర్లు అక్కడ తూకానికి ఆగుతాయి. ఆ శుక్రవారం పొద్దు వాలుతున్నప్పుడు అక్కడికి ఒక వింత బండి వచ్చింది. ముందర జీపు మూతి, వెనక ట్రాక్టరు టైర్లు. తలుపుల్లేవు, టాపు లేదు. నడుపుతున్నది హిమజ. వెనకాలే మోపెడ్ మీద ఆమె నాయన ఏలీయా.

కాటా గది కిటికీలోంచి ప్రమీలమ్మ తల బయటికి పెట్టింది.

"ఏందీ ఏలీయన్నా, ఇది బండా, గంగిరెద్దా?"

"ముందు తూకం చెప్పు. పేరు నిదానంగా పెడుదువు."

ఏలీయాకు అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి స్పానరు పట్టిన చెయ్యి. ఎనిమిది నెలలు కూర్చుని ఆ బండి కట్టాడు. ఆదివారం శిరివెళ్ల దగ్గర నల్లరేగడి చేనులో మట్టి రేసు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా పడగానే దున్నిన నేలలో రెండు వందల గజాలు నేరుగా ఉరకాలి. బరువెక్కువైతే ఆ మన్ను చక్రాన్ని మింగేస్తుంది. అందుకే ఏలీయా ఛాసిస్‌కు కూడా బెజ్జాలు కొట్టాడు. బిగించే ప్రతి ముక్కనూ తూచి, ఆ బరువు షెడ్డు గోడ మీద బొగ్గుతో రాశాడు. డీజిలుతో సహా అన్నీ కలిపితే పదకొండు వందల కిలోలు.

కానీ మొన్న పరుగు పెట్టించి చూసినప్పుడు బండి లేవడంతోనే కుడివైపుకు గుంజింది. హిమజ గట్టిది కాబట్టి స్టీరింగు అదిమి పట్టింది. లేకుంటే బండి ఆమె మీదే బోర్లా పడేది. ఏలీయా టైర్లలో గాలి సరిచేశాడు, స్ప్రింగులు మార్చాడు. గుంజుడు పోలేదు. కుడి పక్క ఎక్కువైన బరువేందో తేలేదాకా బిడ్డను రేసులో కూర్చోబెట్టేది లేదన్నాడు.

హిమజ దిగి రోడ్డు పక్కకు వెళ్లింది. కాటా మీద బండి ఒక్కటే నిలబడింది.

"పదకొండు వందల అరవై" అంది ప్రమీలమ్మ.

"నీ కాటా తప్పు."

"నా కాటాకు సర్కారు ముద్ర పడి నెల కూడా కాలేదన్నా. నీ గోడ మీది లెక్క చూసుకో పో."

ఏలీయా పనిముట్ల సంచి తీసి కింద పెట్టాడు. నీళ్ల క్యాను తీశాడు. టైర్లకు అంటిన మన్ను గోకాడు. అవి తీసిన కొద్దీ తగ్గాల్సిన అంకె తగ్గలేదు. కిటికీలోని డబ్బా మీద ఎర్రగా అట్లే నిలబడింది... పదకొండు వందల అరవై.

బండిని నెట్టి, ఎడమ చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి చూశాడు. సరిగ్గా ఉంది. కుడి చక్రాలు పెట్టాడు. అరవై ఎక్కువ. తర్వాత ముందర చక్రాలు, వెనక చక్రాలు. ఆ అరవై కిలోలను అట్లా తరుముకుంటూ పోయాడు. చివరికి బండిని మళ్లీ మొత్తం కాటా మీదికి నెట్టి, ఒక చోట ఆగాడు.

డ్రైవరు సీటు.

దాని కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఇనుప గొట్టాలు, గాలి. పైన రెగ్జిను మీద చెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. హిమజ దిగి అరగంట దాటింది.

గాలి నిలిచిపోయింది. ఎక్కడి నుంచో పాచిపట్టిన కాలవ నీళ్ల వాసన వచ్చింది. చుట్టుపక్కల నీళ్లు లేవు.

ఆ సీటు, ఇంజను, స్టీరింగు అన్నీ ఒకే బండివి. ఉయ్యాలవాడ దారిలో కల్వర్టు కింద పడిన చిన్న లారీ. డ్రైవరు ఆ సీట్లోనే పోయాడు. అట్లాంటి బండి విప్పే ముందు మెకానిక్కులు ఒక పని చేస్తారు. డ్రైవరు పక్క తలుపు తెరుస్తారు. అందరూ పక్కకు జరిగి దారి విడుస్తారు. పెద్దవాడు "దిగప్పా, నీ ఊరొచ్చింది" అంటాడు. ఒక బీడీ కాలేంత సేపు ఎవరూ ఎవరినీ తాకరు. ఆ లారీ విప్పిన పొద్దు పాత ఇనుము కొట్టువాళ్లు అదే గుర్తు చేశారు. ఏలీయా నవ్వాడు. "ఇనుముకు మనిషి అంటుకుంటాడా? స్పానరు తే" అన్నాడు.

"నాయనా, నేనెక్కితే ఎంతొస్తాదో చూద్దాం. రేసులో నేనుంటా కదా" అని హిమజ గబుక్కున ఎక్కి కూర్చుంది. ఆమె యాభై కిలోలుంటుంది.

కిటికీలో ప్రమీలమ్మ కళ్లు చికిలించింది.

"ఎక్కితివా ల్యా పాపా?"

"ఎక్కినా కదత్తా! కనపడల్యా?"

"అంకె కదల్లేదే..."

హిమజ నవ్వింది. "నేనేమన్నా గాలినా?"

ఏలీయా నవ్వలేదు. అతను ఆమె కాళ్ల వైపు చూస్తున్నాడు. రెండు పాదాలూ వెనక్కి, సీటు కిందికి మడిచి ఉన్నాయి. వాటి ముందర క్లచ్ పెడలు... మెల్లగా... కిందికి పోతోంది.

పూర్తిగా దిగింది.

ఆగింది.

గేరు కడ్డీ ఒక్కసారి వణికింది.

ఏలీయా ఒక్క అంగలో పోయి హిమజ మణికట్టు పట్టుకున్నాడు. నోటికి వచ్చిన మాట గుసగుసగా అనేశాడు.

"దిగప్పా... నీ ఊరొచ్చింది."

అంటూనే బిడ్డను బయటికి లాగాడు. బండి స్ప్రింగులు కిర్రుమని పైకి లేచాయి.

"అన్నా!" గదిలోంచి ప్రమీలమ్మ కేక. "పదకొండు వందలు! నువ్వు చెప్పినంతే!"

ఏలీయా బ్యాటరీ వైర్లు పీకి, తాళం చెవిని ప్రమీలమ్మ చేతిలో పెట్టాడు.

"బండి ఈడ్నే ఉంటాది. రేపొచ్చి ముక్కలు చేస్తా. రేసు లేదు."

"ఏం మాట్లాడ్తాండావు నాయనా? ఎనిమిది నెలలు చేసి..."

"నేను ఓడిపోయినా అనుకో. పా."

అతను తన మాట వెనక్కి తీసుకోవడం హిమజ ఎన్నడూ చూడలేదు. మోపెడ్ ఎక్కింది. ఏలీయా నడిపాడు. ఆళ్లగడ్డ దీపాలు దూరంగా కనిపిస్తున్నాయి. బండి ఎట్లా పోతేనేం, బిడ్డ దక్కింది. ఆ ఒక్క మాటే మనసులో తిప్పుకుంటున్నాడు.

చిన్న గతుకు వచ్చింది. మోపెడ్ వెనక చక్రం మడ్‌గార్డుకు రాసుకుంది.

ఏలీయాకు ఆ చప్పుడు తెలుసు. ఇద్దరెక్కితే ఆ బండి అట్లా రాసుకోదు.

దారి విడవాలి. పక్కకు జరగాలి. ఎవరినీ తాకకూడదు. తను ఆ మాట అన్నప్పుడు హిమజ సీట్లోనే ఉంది. ఆమె చెయ్యి తన చేతిలోనే ఉంది.

వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. మెల్లగా అడిగాడు.

"పాపా... సరిగా కూకున్యావా?"

"యాడ కూకునేది? చివర్న వేలాడ్తాండా. పడిపోతా. కొంచెం ముందుకు జరుగు నాయనా."

ఏలీయా అప్పటికే సీటు ముందు అంచు మీద ఉన్నాడు. అతని వీపుకు, హిమజకు మధ్య మూరెడు జాగా ఖాళీగా ఉండాలి.

అక్కడ రెగ్జిను మెల్లగా కిర్రుమంది.