లైన్లో మనిషుండగా

ఆ కొట్టు ముందునుంచి రాత్రి తొమ్మిది దాటాక ఎవరూ నడవరు. కుక్కలు కూడా చుట్టుతిరిగి పోతాయంటారు. కుక్కల సంగతి నాకు తెలియదు గానీ, మనుషుల సంగతి తెలుసు. ఆ వీధి ఫిర్యాదులన్నీ వినేది నేనే.

టెలిఫోన్ ఆఫీసులో కంప్లైంటు సీటు నాది. పొద్దున్నించి సాయంత్రం దాకా తిట్లు తినడమే నా ఉద్యోగం. "మీ నెట్ కంటే నత్త నయం" అంటాడొకడు. "పక్క కంపెనీకి మారిపోతా" అంటాడింకొకడు. మారినవాడు ఆర్నెల్లకి తిరిగొచ్చి, "అక్కడా ఇదే గోలండీ" అంటాడు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని మనసులో అనుకుని, పైకి మర్యాదగా రాసుకుంటాను.

ఆ వీధి నుంచి మాత్రం వేరే రకం ఫోన్లొచ్చేవి. గొంతు బాగా తగ్గించి — "మేడమ్... ఆ మూసేసిన కొట్లోంచి... రాత్రి మళ్ళీ అరిచింది."

అది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. నడిపినాయన్ని అందరూ ఫ్లాపీ మాస్టారు అనేవాళ్ళు. జనం పారేసిన మెషీన్లన్నీ తెచ్చి పెట్టుకునేవాడు. "కొత్తవాటికి పొగరెక్కువ, ఆయుష్షు తక్కువ" అనేవాడు. ఇంటర్నెట్ కంపెనీల పేరెత్తితే ఒళ్ళుమంట. "నెట్ అంటే అద్దెకొంప. తీగంటే సొంతిల్లు. నా మెషీనూ నీ మెషీనూ, మధ్యలో ఒక ఫోన్ తీగా ఉంటే చాలు. మూడోవాడెందుకూ?" అని ఎదురుకొట్టువాడితో రోజూ పోట్లాడేవాడు.

ఆ ఎదురుకొట్టువాడు నెట్ కనెక్షన్లు అమ్ముతాడు. ఎవరు కనబడినా "స్పీడు చూశారా, స్పీడు!" అంటాడు గనక వాడి పేరే స్పీడు అయిపోయింది. వీళ్ళిద్దరి పోట్లాట వినడానికి జనం టీ తాగుతూ నిలబడేవాళ్ళు.

మాస్టారు పోయి రెండేళ్ళయింది. షట్టర్ దించేశారు. అయినా రోజూ రాత్రి తొమ్మిదింటికి... షట్టర్ సందుల్లోంచి ఆకుపచ్చ వెలుతురు. తర్వాత కీచుమని ఒక అరుపు. గొంతులో ఇసుక పోసుకుని గోకుతున్నట్టు చప్పుడు. ఆపైన ఏమీ ఉండదు.

మాస్టారు తిరుగుతున్నాడన్నారు. నేను నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికి పెద్ద ధైర్యమేం అక్కర్లేదు, పగటి డ్యూటీ ఉంటే చాలు.

ఇక్కణ్ణించి నేను చెప్పేదంతా మా లైన్‌మన్ చెప్పగా విన్నది. నిచ్చెనన్నయ్య అంటాం ఆయన్ని. పొడుగు, పైగా ఎప్పుడూ భుజాన నిచ్చెన. ఆయన భార్య పోయి ఏడాది. ఏడవలేదు. నాలుగోరోజే డ్యూటీకొచ్చాడు. అప్పట్నుంచి మనిషున్నాడు గానీ లోపల ఎవరూ ఉన్నట్టుండదు. ఒకరోజు క్యాంటీన్లో కూరలో ఉప్పు మరిచిపోయారు. అందరం గోలగోల చేశాం. ఆయన మొత్తం తినేసి, ప్లేటు కడిగిపెట్టి వెళ్ళిపోయాడు. ఉప్పు లేదని తెలియనే లేదు.

ఆ వీధిలో పాత రాగి తీగలన్నీ తీసేసి ఫైబర్ వేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఆదివారం ఆఖరు. పగలు కోస్తే జనం నా ప్రాణం తీస్తారని, కోత పని రాత్రిపూట పెట్టారు. అన్ని లైన్లూ కోసేశారు. రెండే మిగిలాయి. ఒకటి ఆ కొట్టుది, రెండోది వెనక వీధిలో మాస్టారి భార్యది. ఆవిడ స్కూల్లో టీచరు. రెండు తీగలూ ఒకే పెట్టెలోకొస్తాయి, ఆ పెట్టె సరిగ్గా కొట్టు ముందే ఉంది.

ఆ రెండూ కోయడానికి వెళ్ళమంటే ఒక లైన్‌మన్‌కి నడుం పట్టేసింది. ఇంకొకతనికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు.

"నేను పోతాలే. నాకేముంది?" అన్నాడు నిచ్చెనన్నయ్య.

గురువారం రాత్రి, తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువ. పెట్టె తెరిచాడు. మా లైన్‌మన్లకి ఒక నియమం ఉంది, ఎక్కడా రాసిలేదు గానీ అందరూ పాటిస్తారు. తీగ కోసేముందు, లైను పరీక్షించే చేతిఫోను దానికి తగిలించి, "లైన్లో ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అడగాలి. మనిషుండగా కత్తెర పెట్టకూడదు. ఎవరి ఆఖరి మాట ఎవరికి చేరాలో మనకేం తెలుసు అంటారు పాతవాళ్ళు.

తగిలించాడు. "లైన్లో ఎవరైనా ఉన్నారా?"

లేరు.

"లైన్లో ఎవరైనా..."

చెవిలో ఫోను మోగింది. ఎవరో ఎత్తారు. కీచుమని అరుపు...

అదే అరుపు, షట్టర్ వెనకనుంచి కూడా.

ఇంకొకరైతే చేతిఫోను పారేసి పరుగెత్తేవాళ్ళు. ఈయనకి భయం వేయలేదట. "వెయ్యాలి గదా అనుకున్నానమ్మాయ్, వెయ్యలేదు" అన్నాడు నాతో. ఆ అరుపు ఆయనకి తెలుసు. పూర్వం కంప్యూటర్లు ఫోన్ తీగ మీద కలుసుకునేటప్పుడు అలాగే అరుచుకునేవి. రెండు మెషీన్లు మాట్లాడుకుంటున్నాయంటే రెండువైపులా ఎవరో ఉన్నట్టే.

కొట్టు పక్కసందులో తలుపుంది. తోశాడు. తెరుచుకుంది.

చీకటి. దుమ్ము వాసన. లోపల ఒక పాత తెర, దానిమీద పచ్చటి అక్షరాలు. ముందు కుర్చీలో వీపు ఇటుపెట్టి... ఒక మనిషి.

"ఎవరూ?"

మనిషి ఎగిరిపడ్డాడు. స్పీడు.

"అన్నా... మెల్లిగా అన్నా... నీకు దణ్ణం పెడతా."

తెరమీద మూడే ముక్కలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు.

రండి. చెప్పులు బయట విడవండి.

ఉన్నారా?

ఉన్నాను.

స్పీడు గుసగుసగా చెప్పుకొచ్చాడు. మాస్టారు ఈ మెషీన్లో ఒక ప్రోగ్రాం రాసిపెట్టాడు. ఎవరు ఫోన్ చేసినా దానంతటదే ఎత్తి, రండి, చెప్పులు బయట విడవండి అంటుంది. అదీ ఆయన సరసం. ఆయన పోయాక టీచరమ్మ రోజూ తొమ్మిదింటికి ఇంట్లో పాత కంప్యూటర్నుంచి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చూసుకునేది. నిరుడు వానలకి ఈ మెషీను పాడైంది. టీచరమ్మ వీడి కొట్టుకొచ్చింది.

"'మోగుతోంది గానీ ఎత్తడం లేదు, ఏంటో చూడు బాబూ' అందన్నా. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నా. ఆ మొహం చూడలేకపోయా. ఇంకో పాత మెషీను తెచ్చిపెట్టా. ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీకి బూజు పట్టేసింది. ఇంకేం చేస్తా... నేనే కూర్చుని కొడుతున్నా. ఆవిడ ఉన్నారా అంటే, ఉన్నాను అంటున్నా. ఎవరూ రాకుండా దెయ్యం మాట కూడా నేనే పుట్టించా."

వంద రెట్లు స్పీడని జనానికి నెట్ అంటగట్టేవాడు, ఏడాదిగా చీకట్లో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. వింటుంటే నవ్వొచ్చింది నాకు, తర్వాత రాలేదు.

"ఆదివారం తీగ పోతుంది. ఆవిడకి చెప్పు" అన్నాడు నిచ్చెనన్నయ్య.

"నావల్ల కాదన్నా. అదొక్కటే మిగిలిందావిడకి. నువ్వే చెప్పు."

మర్నాడు పొద్దున ఈయనే వెళ్ళాడు. టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. అంతా విని, ఎర్ర పెన్ను మూతపెట్టింది.

"వాడు కొడుతున్నాడని నాకు మొదటిరోజే తెలుసు నాయనా. మా ఆయన ప్రోగ్రాం అయితే వాక్యం మొత్తం ఒక్కసారే పడుతుంది. ఇది అక్షరం... అక్షరం... మధ్యలో తప్పులు దిద్దుకోవడం. ఎక్కాలప్పుడూ అంతే వాడు."

"మరెందుకమ్మా రోజూ..."

"వాడు పనులన్నీ మానుకుని వచ్చి కూర్చుంటున్నాడు. వద్దని ఎలా చెప్పను?" దిద్దిన పేపర్లు ఒక పక్కకి సర్దింది. "ఆఖర్న ఒక ముక్క అంటాడు చూడు, అందుకోసం కూడాలే. తిన్నావా అని. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మా ఆయన ఆ మాట అడిగిన పాపాన పోలేదు. ఫ్యూజు పోయిందేమో అడుగుతాడు, పెళ్ళాం తిందో లేదో అడగడు. వీడికెలా తోచిందో మరి. ఆ ఒక్కటీ బాగా సాధన చేసినట్టున్నాడు, టక్కున ఒకేసారి పడుతుంది."

"మీరేమంటారు?"

"ఏమీ అనను. మెషీను కట్టేస్తాను. ఆదివారం ఒక్కసారి జవాబు చెప్పనియ్యి నాయనా. తర్వాత కోసేసుకో."

ఈయన సరేనని వచ్చి, స్పీడుకి చెప్పాడు. ఆవిడకంతా తెలుసనీ, ఆ "తిన్నావా" అన్నది మాత్రం ఆవిడకి బాగా నచ్చిందనీ.

స్పీడు చేతిలో వైరు కింద పడింది.

"ఏం నచ్చింది?"

"అదే... ఆఖర్న అడుగుతావటగా, తిన్నావా అని."

"నేనెప్పుడడిగానన్నా? ఉన్నాను అని కొట్టి, మెషీను ఆపేసి, తలుపేసుకుని పోతా. మొగుడు అడగాల్సిన మాట నేనెలా అడుగుతాను?"

వైరు తీయడానికి వంగిన స్పీడు సగంలో ఆగిపోయాడు.

"ఆపేశాక... అక్షరం ఎలా పడుతుందన్నా?"

ఆ సాయంత్రమే స్పీడు మెషీను కూడా పట్టుకెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆదివారం రాత్రి. కొట్టు చీకటిగా ఉంది. లోపల బల్ల తప్ప ఏమీ లేదు, తలుపు తీసి లైటేసి మరీ చూసుకున్నాడట నిచ్చెనన్నయ్య. బయటికొచ్చి పెట్టె తెరిచాడు. కొట్టు తీగకి చేతిఫోను తగిలించాడు. తొమ్మిదైంది.

మోగింది. ఒకసారి... రెండుసార్లు...

ఎత్తారు.

కీచుమని అరుపు. గోకుడు. తర్వాత సన్నటి హోరు. షట్టర్ సందుల్లో మాత్రం చీకటే.

"లైన్లో ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లూ అడిగాడు. నియమం గదా. హోరు అలాగే ఉంది. కత్తెర సంచీలో పెట్టేసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున నా బల్లమీద కాగితం పెట్టాడు. రిపోర్టులో ఒకటే ముక్క. "లైన్లో మనుషులున్నారు. కోయలేదు."

ఇదేంటని అడిగితే ఇదంతా చెప్పాడు, చదివిన వార్త చెప్పినట్టు.

"టీచరమ్మ జవాబు చెప్పిందా?"

"వచ్చేటప్పుడు కనుక్కున్నా. 'తిన్నాను, మీరూ?' అని కొట్టిందట."

"దానికేం వచ్చింది?"

"చెప్పలేదు. నవ్వింది."

ఎదురుగా ఏడాదిగా ఇదే కుర్చీలో కూర్చుంటున్నాడీయన. నిచ్చెన గురించి అడిగాను, సెలవు గురించి అడిగాను, సంతకాలు అడిగాను. సిగ్గేసింది.

"తిన్నావా అన్నయ్యా?"

ఆయన నా వంక చూశాడు.

"మీ వదిన రోజూ ఫోన్ చేసి అదే అడిగేది" అన్నాడు. "పనిలో ఉన్నాను పెట్టెయ్ అనేవాణ్ణి."

అని బల్లమీద తల ఆన్చి ఏడ్చాడు. కంప్లైంటు ఫోన్లు మోగుతున్నాయి, నేనెత్తలేదు.

ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. పైవాళ్ళడిగితే వెతుకుతున్నానంటున్నాను. ఆ రెండు తీగలూ అలాగే ఉన్నాయి. ఇప్పటికీ పొద్దున్నే ఆ వీధివాళ్ళు ఫోన్ చేస్తారు... "మేడమ్, రాత్రి మళ్ళీ అరిచిందండీ."

"భయపడకండి, అది ఫోనెత్తిన చప్పుడు" అంటాను.

ఎవరెత్తారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.