కాకెంగిలి బెల్లం

కబడ్డీ కూత సగంలో తెగిపోయింది.

సరస్వతి అవతలి గడిలో నిలబడిపోయింది. నోరు తెరిచే ఉంది, మాట బయటికి రావట్లేదు. నలుగురు మీదపడి పట్టేశారు.

"ఏందమ్మా, కెప్టెన్ గొంతే పోతే ఎట్టా? రేపే గురజాలలో పోటీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు గోపాలకృష్ణయ్య.

"సున్నం దుమ్ము సార్," అంది సరస్వతి బొంగురుగా.

పిడుగురాళ్లలో ఆ మాట అన్నాక ఎవరూ రెండో ప్రశ్న అడగరు. సున్నపు బట్టీల పక్కన ఉండేవాళ్లకు గొంతు గరగర మామూలే. బెల్లం ముక్క చప్పరించి పనిలోకి పోతారు. సరస్వతి అమ్మ అంజమ్మ కూడా బట్టీ కూలీయే. మాస్టారు తలూపి ఊరుకున్నాడు.

హమ్మయ్య అనుకుంది సరస్వతి. ఒళ్లు కాలిపోతోంది. మింగితే గొంతులో ముల్లు దిగుతోంది. తెలిస్తే రేపు బస్సు ఎక్కనివ్వరు. ఈసారి కప్పు తెస్తానని బడంతా చెప్పుకుంది మరి.

పంపు దగ్గర ఫాతిమా కూర్చుని ఉంది. జట్టులో గట్టిగా పట్టేది ఆమే.

"ఏందే, నీళ్లు తాగవా?" అంది సరస్వతి.

"మింగలేకపోతున్నా. మాస్టారుకి చెప్పమాక. అడిగితే నేనూ సున్నం దుమ్మనే అంటా."

"స్టేషన్ అవతల మీ ఇంటికాడ బట్టీలేవే? దుమ్మెక్కడిది, రైలెక్కి వచ్చిందా?"

నవ్వబోయిన సరస్వతి ఆగిపోయింది. నిజమే. దుమ్మెక్కడిది?

చెయ్యి చాపి తనే ఫాతిమా మెడ తాకి చూసింది. నిప్పులా ఉంది. దవడ కింద రెండు గడ్డలు. తన మెడలోనూ అలాంటివే ఉన్నాయి.

ఇద్దరికీ ఒకటే నొప్పి. ఇద్దరూ తిన్నది ఒకటే బెల్లం. అమ్మ ఇచ్చిన ముక్కను పావడా అంచు కప్పి పంటితో కొరికి, నాలుగు రోజులుగా పంచుతోంది సరస్వతి. గుడ్డ అడ్డముంటే అది కాకెంగిలి, ఎంగిలి కాదని పిల్లలందరి లెక్క.

"పద," అంది.

"ఎక్కడికే?"

"మా అమ్మ దగ్గరికి. ఆనక ఆస్పత్రికి."

"ఆట పోద్దే."

"పోనీ."

బట్టీ దగ్గర అంజమ్మ తట్ట దించింది. కూతురి నుదుటిమీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"అమ్మా, ఇది దుమ్ము కాదు. మొన్నటి నుంచీ జొరం. నీకు చెప్పలేదు."

"ఇంత కాలతావుంటే ఎట్టా దాచావే? నేను బెల్లం పెడతా కూర్చుంటినే." కొంగుతో మొహం తుడుచుకుని మేస్త్రీకి ఒక కేక వేసి బయల్దేరింది.

ఆస్పత్రిలో డాక్టర్ కృపమ్మ టార్చిలైటు వేసి ఇద్దరి గొంతులూ చూసింది.

"టాన్సిల్స్ మీద చీము పట్టింది. దుమ్ము గరగర అయితే దుమ్ముకి దూరంగా ఉంటే తగ్గుతుంది అంజమ్మా. జ్వరం, మింగలేకపోవడం, మెడలో గడ్డలు ఉంటే బెల్లంతో ఆగకూడదు. ఊపిరి కష్టమైనా, ఉమ్మి మింగలేకపోయినా అప్పటికప్పుడే తీసుకురావాలి. మాత్రలు మాత్రం నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి."

తర్వాత పిల్లల వైపు తిరిగింది. "ఆ బెల్లం ఇంకెవరన్నా తిన్నారా?"

"కాకెంగిలే డాక్టరమ్మా," అంది ఫాతిమా.

"గుడ్డ కప్పితే క్రిములు ఆగవు తల్లీ."

సరస్వతి తల దించుకుంది. ఇద్దరు లేకపోయినా జట్టు గురజాల పోవచ్చు. బెల్లం తిన్న మిగతా ఆటగత్తెల పేర్లు చెబితే జట్టే ఉండదు. ఫాతిమా ఆమె మోచేయి గిల్లింది, వద్దన్నట్టు.

"సుబ్బరత్నం తిన్నది," అంది సరస్వతి. "సీతమ్మ. సీతమ్మ చెల్లి కూడా. నిన్న సుబ్బరత్నం అన్నం తినకుండా క్యారేజీ మూసేసింది. ఎందుకో నేను అడగలేదు."

మాత్రల పొట్లం అమ్మ చేతిలో పెట్టి సరస్వతి లేచింది.

"అమ్మా, ముందు సుబ్బరత్నం వాళ్లింటికి పోదాం. ఆ పిల్ల కూడా ఇంట్లో దుమ్మనే చెప్పుంటది."