రెండు తడితే రమ్మని

ఇల్లొదిలి బండిలో బతకడం భలే సరదాగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క నెల బతికి చూడమనండి. మంచుకి చెమ్మగిల్లిన రేకుల మధ్య లేచి, కాళ్ళు చాపుకునే చోటులేక, మొహం కడిగిన నీళ్ళతోనే గిన్నెలు తొలిచి, కిరసనాయిలు వాసన కొట్టే టీ తాగి, అప్పుడు చెప్పమనండి సరదా ఎక్కడుందో. నేను నాలుగు నెలలు బతికాను.

మా ఆయన ఎడ్విన్‌కి కొండలంటే పిచ్చి. విశాఖపట్నంలో మిషన్ బడిలో జాగ్రఫీ మాస్టారు. పిల్లలకి గోడ మీద పటంలో తూర్పు కనుమలు చూపించీ చూపించీ, వాటి మీద నడవకుండానే పోతానేమోనని బెంగ పెట్టుకున్నారు. తొంభై ఎనిమిదిలో జీతం లేని సెలవు పెట్టి, ఒక పాత మెటాడోర్ వ్యాను కొని, దానిలో బల్ల వేయించి, నన్ను కూడా ఎక్కించారు. పిల్లల్లేరు మాకు. ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు సుజానా, రా అన్నారు. వెళ్ళాను. ఆయన కొండెక్కుతారు, నేను కింద బండికి కాపలా కాస్తూ పప్పు ఉడకేస్తాను. అదీ మా సాహసయాత్ర.

బండిలో సీట్ల వెనక బల్ల మంచం. సీట్లకీ మంచానికీ మధ్య నా పాత వాయిలు చీర కట్టాం, తెరలాగ. వెనక తలుపు అద్దానికి అడ్డంగా, తలుపుకే బిగించిన సామాన్ల అల్మరా. ఇక వెనక్కి చూడ్డానికి ఉన్నవి పక్క అద్దాలు. అందులో ఒకటి అరకు సంతలో ఎద్దు కొమ్ము తగిలి పోయింది. రెండోదాంట్లో బండి రేకు తప్ప ఏమీ కనపడదు. అందుకని బండి వెనక్కి తీసినప్పుడల్లా నేను దిగి, వెనక ఎడమ మూలన నిలబడి, రేకు మీద తట్టాలి. రెండు తడితే రమ్మని. ఒకటి తడితే ఆగమని. అన్నీ సర్దుకుని నేను వెనక తలుపులోంచి లోపలికి ఎక్కేశాక, లోపల్నుంచి రెండు తడితే ఇక పోనిమ్మని.

నా అరచేత్తోపాటు పెళ్ళి ఉంగరం కూడా రేకుకి తగిలి ఠంగుమనేది. నీ ఉంగరం మోత వింటే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది అనేవారు ఎడ్విన్. ఆ ఒక్క మాటకి నాకు సంతోషంగానే ఉండేది, దాచడమెందుకు.

జనవరిలో సీలేరు పోయే దారిలో ఒక కాఫీతోట పక్కన దిగాం. ఘాట్ రోడ్డు మీంచి లోపలికి ఒక మట్టిబాట. బండి వెడల్పుకి జానెడు ఎక్కువ, అంతే. ఒక పక్క గట్టు, ఒక పక్క లోయ. బాట చివర ఊట, ఊట పక్కన పైకప్పు లేని పాకొకటి. తిప్పుకోడానికి చోటులేదు. సాయంత్రం మంచులో వెనక్కి రావడం కంటే పొద్దున్న వెలుతుర్లో వెనక్కి పోవడం నయమని, రోజూ ముందుకు వచ్చి ఆగేవాళ్ళం, తెల్లారాక వెనక్కి తీసుకుంటూ రోడ్డెక్కేవాళ్ళం. తోటలో కుళ్ళిన కాఫీ తొక్కల వాసన. కింద లోయలో గెడ్డ పారే చప్పుడు పగలూ రాత్రీ. మిగతా అంతా నిశ్శబ్దం. అందులో నా తట్లు... ఠంగ్ ఠంగ్... ఠంగ్ ఠంగ్... ఎదర కొండకి తగిలి తిరిగొచ్చేవి.

నాలుగోరోజు ఆ పక్క గూడెం నుంచి దేముడమ్మ అని ఒక ముసలావిడ కర్రలు కొట్టుకోడానికి వచ్చింది. చిత్రంగా కొడుతోంది. మూడు దెబ్బలు వేసి ఆగుతుంది. తర్వాత అయిదు. తర్వాత ఒకటి. మళ్ళీ మూడు వెయ్యదు. అలసట తీర్చుకుంటోందేమో అనుకుని మంచినీళ్ళిచ్చాను, ఉప్పు లేదంటే ఒక పొట్లం కూడా ఇచ్చాను. ఆవిడ బండి వెనక మూలకేసి చూసి, పొద్దున్న కొడతన్నది నువ్వేనా అంది. నేనే అన్నాను.

"దినమూ ఒకే లెక్క కొడతన్నావు. అలగ కొట్టకూడదమ్మా. కొండలో ఇనీవోళ్ళుంటారు. నేర్సుకుంతారు."

"నేర్చుకుంటే ఏమవుతుంది?"

"నీ పని ఆళ్ళు సేత్తారు. ఆళ్ళే సేసీత్తే మరి నీకు పనేటుంటాది?"

ఆమె గూడెంలో గొడ్డలి దెబ్బయినా రోకటి పోటయినా రెండోసారి అదే లెక్క వెయ్యరట. నాకు నవ్వొచ్చింది. నడుం నొప్పి కూడా ఉంది, ఆ ముందురోజు రాత్రి నిద్రలేదు, మధ్యాహ్నం వంట ఇంకా కాలేదు. ఆ విసుగులో అనేశాను.

"చేస్తే చెయ్యనీ తల్లీ. నాకు ఓపిక అయిపోయింది. మా ఆయన్ని కూడా వాళ్ళనే చూసుకోమను, నేను ఇంటికిపోయి పడుకుంటాను."

దేముడమ్మ నవ్వలేదు. కర్రల మోపు నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. ఉప్పు పొట్లం బండి మెట్టు మీదే ఉంది. మర్చిపోయిందనుకున్నాను. సాయంత్రం ఈ సంగతి చెబితే ఎడ్విన్ సరదాపడి, రేపట్నుంచి నాలుగు తట్టు అన్నారు. నా చేతికి రెండే అలవాటు, కొత్తవి నావల్ల కాదన్నాను. మర్నాడూ రెండే తట్టాను.

ఆరోరోజు ఆయనకి చలిజ్వరం వచ్చింది. తెచ్చుకున్న మాత్రలు వేశాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాసేది. దిగిపోదాం పదండి అంటే, ఒక్క రోజు చూద్దాం, ఇంకా ఆ పెద్ద కొండ మిగిలిపోయింది అనేవారు. తొమ్మిదోరోజు మధ్యాహ్నానికి కళ్ళు పచ్చబడ్డాయి. నేను గంజి తాగిస్తుంటే నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"ఎవరమ్మా నువ్వు? సుజానా ఏది?"

పెద్దాసుపత్రి రెండు మూడు గంటల దారి. ఈ రాత్రి ఇక్కడే ఉంటే మనిషి దక్కడు. గూడెంలోకి పరిగెత్తాను. అందరూ సంతకి పోయారు, కుక్కలు తప్ప ఎవరూ లేరు. తిరిగి వచ్చి ఆయన్ని మంచానికి నా ఇంకో చీరతో అటూ ఇటూ కదలకుండా కట్టాను, ప్రార్థన చేసుకున్నాను, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. చర్చి ఆవరణలో ఆయనే నేర్పారు నాకు బండి. ముందుకు నడపగలను. వెనక్కి ఎన్నడూ నడపలేదు. వెనక్కి తీసినప్పుడల్లా నేను కిందే కదా ఉండేదాన్ని!

అర్ధరాత్రేం కాదు. సాయంత్రం అయిదు గంటలు. కానీ మంచు దిగిపోయింది. తల బయటపెట్టి చూస్తే నా బండి వెనక చక్రం నాకే కనపడలేదు. కొంచెం వెనక్కి తియ్యడం, దిగి వెళ్ళి చూసుకోవడం, చక్రం వెనక రాయి పెట్టడం, మళ్ళీ ఎక్కడం. అలా నాలుగుసార్లు చేసినా బండి నాలుగు బారలు కూడా జరగలేదు. రోడ్డు ఇంకా రెండు వందల గజాలుంది. చీకటి పడిపోతోంది. లోపల ఆయన మూలుగు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాను. ఎవరైనా వచ్చి నాకు తట్టండయ్యా అని పైకే అన్నాను.

రెండు తట్లు వినపడ్డాయి.

వెనక ఎడమ మూల.

ఆయనకి స్పృహ వచ్చి లోపల్నుంచి తడుతున్నారనుకున్నాను. "ఏవండీ... మీరేనా?" తెర వెనక మూలుగు తప్ప జవాబు లేదు. మళ్ళీ రెండు తట్లు. బయట్నుంచే. దేముడమ్మ సంతనించి తిరిగొచ్చినట్టుంది, నా గోడు విన్నట్టుంది అనుకున్నాను. అలా అనుకోడానికే ఇష్టపడ్డాను. నెమ్మదిగా క్లచ్ వదిలాను. బండి వెనక్కి కదిలింది. రెండు... కొంచెం. రెండు... ఇంకొంచెం. ఒక్కటి. బ్రేకు తొక్కేశాను. దిగి వెళ్ళి చూద్దును కదా, ఎడమ వెనక చక్రం లోయ అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. అక్కడ ఎవరూ లేరు. మంచు, కాఫీ తొక్కల వాసన, గెడ్డ చప్పుడు. దేముడమ్మా అని పిలిచాను. పలకలేదు.

ఎక్కి కూర్చుని స్టీరింగ్ గట్టు వైపుకి తిప్పాను. రెండు తట్లు పడ్డాయి. ఎవరైతేనేం, దేవుడు పంపిన సాయం అనుకుని, కళ్ళు మూసుకున్నట్టే నడిపాను. సగం దూరం వచ్చాక గానీ నా చెవికి ఎక్కలేదు. అరచేతి చప్పుడు ఒక్కటే కాదు అది. దానివెంట ఉంగరం మోత.

ఠంగ్... ఠంగ్...

నా చెయ్యి చూసుకున్నాను. స్టీరింగ్ మీదుంది. ఉంగరం వేలికే ఉంది.

ఏం చెయ్యను? దిగి ఎక్కడికి పోను? వెనక ఆయన ఉన్నారు. ఆగితే ఆయన పోతారు. ఏడుస్తూనే నడిపాను. అది తట్టింది. నేను వెళ్ళాను. తట్టింది. వెళ్ళాను. చివరికి చక్రాల కింద తారురోడ్డు గరగరలాడింది. ఒక్క తట్టు. ఆగాను. ఇక ముందుకే. ఇంక దాని అవసరం లేదు. గేరు మారుస్తున్నాను...

వెనక తలుపు గడియ లేచింది.

ఆ గడియ మొండిది. పైకెత్తి, ఎడంపక్కకి ఒక్క కుదుపు ఇస్తేగానీ రాదు. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు. కుదుపు చప్పుడు వినపడింది. తలుపు తెరుచుకుంది. బండి వెనక భాగం కిందికి కుంగింది, రోజూ నేనెక్కినప్పుడు కుంగినట్టే. తలుపు మూసుకుంది. తెర వెనక, లోపల్నుంచి, రెండు తట్లు.

పోనిమ్మని.

తెర తియ్యడానికి చెయ్యి లేచింది. తియ్యలేదు. ఇంత చెబుతున్నాను కదా, ఆ ఒక్క మాట కూడా చెప్పేస్తాను... నాకు ధైర్యం లేకపోయింది. చెయ్యి దించుకుని బండి ముందుకు పోనిచ్చాను. దారంతా మలుపులు. లైట్ల ముందు మంచు తప్ప ఏమీ లేదు. ఒకచోట వెనక నీళ్ళ డబ్బా మూత తీసిన చప్పుడైంది. గుడ్డ పిండిన చప్పుడు. ఆ తర్వాత ఎడ్విన్ గొంతు, హాయిగా, చిన్నగా.

"సుజానా... నీ చెయ్యి చల్లగా ఉంది... తియ్యకు."

నేను పెదవి కొరుక్కుని రోడ్డు చూస్తూ ఉన్నాను.

ఆసుపత్రిలో వెనక తలుపు తీసినప్పుడు ఆయన ఒక్కరే ఉన్నారు. నేను కట్టిన చీర విప్పి, మడతపెట్టి తలకింద పెట్టి ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. దారిపొడుగునా తడిగుడ్డ వేస్తూ తెచ్చావు కాబట్టి సరిపోయిందమ్మా అన్నాడు. వాచిన వేలినుంచి ఆయన ఉంగరం కోసి తీసి నా చేతికిచ్చారు. పదిహేను రోజులకి మనిషి లేచి కూర్చున్నారు. బండి ఎవరికో ఇచ్చేశాం. ఆయన ఇంక కొండల పేరెత్తలేదు.

ఇది జరిగి ఆరేళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన అదే చెబుతారు, దారంతా సుజానా నా తల దగ్గరే కూర్చుంది, ఆ చల్లటి చెయ్యి లేకపోతే పోయేవాణ్ణి అని. మరి బండి ఎవరు నడిపారండీ అని ఒకసారి మా ఆడపడుచు అడిగింది. ఆయన నాకేసి చూసి, ఎవరో ఒకామె, పాపం చాలా అలిసిపోయి ఉంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పట్నుంచి నేను ఏ తలుపూ తట్టను. ఇప్పుడు ఉంటున్న అద్దె ఇంటికి ముందు రేకు తలుపు. తాళంచెవి ఎప్పుడూ నా కొంగుకే ఉంటుంది. పోయిన బుధవారం ప్రార్థన కూటానికి కొత్త చీర కట్టుకుని వెళ్ళి, తాళంచెవి పాత చీర కొంగునే వదిలేశాను. తిరిగొచ్చేసరికి సాయంత్రం, నడిచి నడిచి కాళ్ళు లాగేస్తున్నాయి. లోపల ఎడ్విన్ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నారు. ఎవరొచ్చారా అనుకుంటూ, ఆ అలసటలో ఒళ్ళు మరిచి తట్టేశాను.

రెండు.

లోపల మాటలు ఆగాయి. తర్వాత ఎడ్విన్ గొంతు వినపడింది. "సుజానా, ఎవరో తలుపు కొడుతున్నారు. చూడు."

అడుగులు దగ్గరికొచ్చాయి. తలుపు అవతల ఆగాయి. గడియ కదల్లేదు. రేకు మీద, సరిగ్గా నా అరచెయ్యి ఆనించిన చోట, అటుపక్కనించి ఉంగరం మోతతో ఒక్క తట్టు పడింది.

ఒక్కటే.

నేను ఆగిపోయాను.