జమునమ్మ తలంటు

అక్టోబరు వచ్చాక ఆ సముద్రపు ఒడ్డున వాన పడటమూ ఆగటమూ అంటూ ఉండవు. ఉంటుంది, అంతే. బండరాళ్ల సందుల్లోంచి ఉడుకునీళ్లు ఊరే చోటది. చుట్టూ తొట్లు కట్టి, గోడలు లేపి, స్పా అని బోర్డు పెట్టారు. అటు పసిఫిక్ సముద్రం ఎముకలు కొరికే చలితో ఘోష పెడుతుంటే, ఇటు తొట్లలోంచి గంజి వార్చినట్టు ఆవిరి లేస్తుంటుంది.

అక్కడ తువ్వాళ్లు అందించే పిల్ల పేరు హోప్. నర్సాపురం పిల్ల. కెనడా వచ్చి, సర్రీలో ఏడాది కోర్సు చదివి, తనలాంటి వాళ్లు వేలమంది ఉద్యోగాలకి ఎగబడుతుంటే నెగ్గలేక, ఫెర్రీ ఎక్కి ఈ మూలకొచ్చి పడింది. వర్క్ పర్మిట్ ఇంకో పంతొమ్మిది రోజుల్లో అయిపోతుంది. మేనేజరు జాబ్ ఆఫర్ లెటర్ రాసిస్తే ఇక్కడే ఉండిపోవటానికి పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు. శుక్రవారం సంతకం పెడతానంది ఆవిడ. ఆ రోజు బుధవారం.

ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఒక ముసలావిడ స్టూలు మీద కూర్చుని, సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసింది.

“మేడమ్, ఆయిల్ నాట్ అలవ్డ్,” అంది హోప్.

ఆవిడ తలెత్తి చూసి, “నూనె లేకుండా తలకి పోసుకుంటారుటే ఎవరైనా? వేడి చెయ్యదూ? ఇటు రా, మాడున కాస్త అద్దు,” అంది, తెలుగులో.

హోప్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒక పెద్దావిడ తనని అలా కసిరి రెండేళ్లయింది. వద్దనాల్సింది. సబ్బుతో స్నానం చేయించి పంపాల్సింది. అన్నీ తెలుసు. తెలిసీ, అరచేతిలో నూనె పోసుకుని ఆ పల్చటి తెల్ల జుట్టుకి కుదుళ్ల దాకా పట్టించి, చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపింది.

పది నిమిషాల్లో తొట్టంతా నూనె తెట్టు కట్టింది. దిగినవాళ్లందరూ గొణుక్కుంటూ ఎక్కేశారు. తొట్టి మూసేశారు.

మగవాళ్ల వైపునుంచి ఒకడు తడి ఒంటితో పరిగెత్తుకొచ్చాడు. మాటలు ఇంగ్లీషులోనే నడిచాయి గానీ, సారం ఇది:

“మా ఆజీకి గుర్తుండదు. నీక్కూడా రూల్స్ గుర్తుండవా?”

“మీ ఆజీని మీరు చూసుకోవద్దా?”

“ఎలా చూసుకోను? ఆడవాళ్ల గదిలోకి రానా?”

అతను తొట్టికేసి చూసి, “ఫిల్టర్లు ఎక్కడున్నాయి? నేను ప్లంబర్ని. సాయంత్రానికి కడిగిచ్చేస్తా,” అన్నాడు.

వెనకున్న రేకుల షెడ్డులో ఇద్దరూ ఫిల్టర్లు కడగటానికి కూర్చున్నారు. రేకుల మీద వాన. అతని పేరు శివ్నేష్. ఫిజీలో చెరుకుతోటల్లో పనికి తీసుకుపోయిన తెలుగువాళ్ల సంతతి. అతను ఆజీ అంటున్న ముసలావిడ వాళ్ల నాన్నమ్మ, జమున.

“ముందు ఇంగ్లీషు మరిచిపోయింది. తరవాత హిందీ. వాళ్లమ్మతో మాట్లాడిన తెలుగొక్కటే మిగిలింది. ఇంట్లో ఎవరికీ అది రాదు,” అన్నాడు. “మూడేళ్ల నుంచి రోజూ పొద్దున్నే ఒకే మాట అంటుంది. అందులో వేడినీళ్లు అన్నదొక్కటే నాకు తెలుసు. అందుకే ఇక్కడికి తెచ్చా.”

“ఏమంటుంది?”

చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు అన్నాడు. “వేడినీళ్లు కాగాయి, మాడున నూనె పెట్టవే.”

హోప్ ఫక్కున నవ్వింది. “దీనికి సముద్రం దాటి రావాలా? తలంటు పొయ్యమంటోంది బాబూ. ఇంట్లో బకెట్టు చాలు.”

“బకెట్టా?”

“బకెట్టే. ఒక చెంబు కూడా.”

అతనూ నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. “మూడేళ్లు అడిగింది,” అన్నాడు, చేతిలో బ్రష్ అలాగే పట్టుకుని. హోప్ పైపు అతని వైపు తిప్పింది.

మేనేజరు పిలిచింది. “మేమే దొంగచాటుగా రాసుకున్నామని చెప్తా,” అన్నాడు శివ్నేష్.

“రాసింది నేను,” అని హోప్ లోపలికెళ్లి అదే చెప్పింది. ఆవిడ చెడ్డదేం కాదు. వార్నింగ్ రాయక తప్పదంది. వార్నింగ్ ఉన్నవాళ్లకి లెటర్ ఇవ్వటం కుదరదంది.

ఆ తరవాత రెండు ఆదివారాలు శివ్నేష్ ట్రక్కులో ఆజీని తీసుకొచ్చాడు. హోప్ అద్దె గది బాత్రూములో బకెట్టు నింపి, ఆవిడకి తలంటు పోసి, చిక్కు తీసి జడేసేది. “మామ్మగారూ, కళ్లు మూసుకోండి,” అంటే చాలు, ఆవిడ చిన్నపిల్లలా మూసుకునేది. గుమ్మం బయట కూర్చుని అతను ఒక్కో మాటా నేర్చుకునేవాడు. నీళ్లు. చెంబు. చాలు. ఇంకాస్త.

రెండో ఆదివారం కాగితాల కట్ట తీశాడు. “పెళ్లి చేసుకుందాం. భార్యకి పీఆర్ ఇప్పించే స్పౌజల్ స్పాన్సర్‌షిప్ ఫామ్స్ ప్రింట్ తీశా.”

హోప్ మొహం మాడిపోయింది. “ఫామ్స్ తీశావా? నన్ను అడిగావా?”

“నీ కోసమేగా!”

“నా కోసం కాదు, నా పర్మిట్ కోసం. ఎందుకు చేసుకున్నావని మా అమ్మ అడిగితే, టైమ్ అయిపోతోందని చెప్పనా?”

నచ్చనివాడి మీద అంత కోపం రాదు. అది హోప్‌కీ తెలుసు. అందుకే అతను వెళ్లాక తలుపేసుకుని ఏడ్చింది, అతని మెసేజీలకి జవాబివ్వలేదు.

ఆఖరి రోజు రెండు సూట్‌కేసులతో ఫెర్రీ దిగేసరికి, వానలో ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాడు.

“ఎయిర్‌పోర్టుకి దింపుతా. ఆజీ కూడా ట్రక్కులో ఉంది,” అన్నాడు. సూట్‌కేసులు ట్రక్కులో పెడుతూ, “కాగితాలు చించేశా. నువ్వు వెళ్లు. అవి నీకు అక్కర్లేని చోటికొచ్చి అడుగుతా. నర్సాపురం వస్తా,” అన్నాడు.

హోప్ ట్రక్కెక్కింది. జమునమ్మ ఆ పిల్ల ఎవరో పోల్చుకోలేదు. అయినా సంచీలోంచి సీసా తీసి, హోప్ మాడున నూనె పెట్టి, “చల్లగా ఉండు,” అంది. దారంతా నూనె కణత మీదుగా కారుతూనే ఉంది. హోప్ తుడుచుకోలేదు.

జూన్‌లో, నర్సాపురంలో తొలకరి పడిన పొద్దున, గుమ్మంలో ఒకడు నిలువునా తడిసి నిలబడ్డాడు. జమునమ్మ ఏప్రిల్లోనే పోయింది. సీసా మాత్రం వచ్చింది, అడుగున బొటనవేలెడు నూనెతో.

“అడగటానికొచ్చా,” అన్నాడు, తెలుగులోనే.

“ఎవరే అది?” లోపల్నుంచి తల్లి సుగుణ కేకేసింది.

హోప్ సీసా అందుకుంది.

“మనవాళ్లేనమ్మా. స్నానానికి నీళ్లు పెట్టు.”