బోటు మీద చెప్పిన సినిమా

వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, ఒక ఆదివారం పొద్దున్న సూర్యకాంతమ్మ టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు చతికిలబడింది. ఫిషింగ్ హార్బర్ వెనక సందులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. కోడలు దుర్గ వంటగది గడపలో కూర్చుని ఎండు నెత్తళ్ళకి తలలు తుంచుతోంది. చిన్నకొడుకు ఉమామహేష్ గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. టీవీలో మధ్యాహ్నం వెయ్యబోయే సినిమా ప్రకటన వచ్చింది. ఘాట్ రోడ్డు, దాని మీద లారీ, స్టీరింగు పట్టుకున్న హీరో కళ్ళు. ఉమామహేష్ విసురుగా లేచి వెళ్ళి టీవీ కట్టేశాడు.

"ఏటైందిరా నీకు? ఆ బొమ్మ నాను సూడలేదు" అంది సూర్యకాంతమ్మ.

"బాగోదమ్మా."

"ఎందుకు బాగోదో అదైనా సెప్పు. ఒకప్పుడు ఆపమన్నా ఆపీవోడివి కాదు."

అతను మళ్ళీ ఫోను తీసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సినిమా మాట ఎత్తితే చాలు, అతని మొహం మాడిపోతుంది. దుర్గ చేతిలో నెత్తళ్ళు అలాగే ఉండిపోయాయి.

నిజానికి సినిమాల గురించి మాట్లాడకుండా ఆ ఇంట్లో ఒక పూట గడిచేది కాదు. సూర్యకాంతమ్మ చేపలమ్మి వచ్చి, బుట్ట దించి ముఖం కడుక్కోకముందే, కొత్త బొమ్మ ఎలాగుందని అడిగేది. పెద్దకొడుకు దొరబాబు తీర్పు చేపల్లో ఉండేది. బాగుంటే వంజరం, ఫరవాలేదనిపిస్తే చందువ, డబ్బులు దండగైతే నెత్తళ్ళు. చిన్నవాడు అలా ఒక్క ముక్కలో తేల్చేసే రకం కాదు. టైటిల్స్ నుంచి మొదలుపెట్టి, ఫైట్లు తనే చేసి, కమెడియన్ గొంతు తనే పెట్టి, హీరోయిన్ తండ్రి దగ్గు కూడా వదలకుండా దగ్గి చూపించేవాడు. అతను చెప్పాక టిక్కెట్టు కొనడం అనవసరమని వీధిలో చెప్పుకునేవారు.

అందుకే బోటు మీద అతనికి గిరాకీ. ఒకసారి వేటకెళ్తే పన్నెండు, పదిహేను రోజులు. ఒడ్డు కనుమరుగైన కాసేపటికే ఫోన్లు మూగబోతాయి. అప్పుడు ఆఖరున కొత్త సినిమా చూసినవాడు మిగతావాళ్ళకి చెప్పి తీరాలి. అది ఆ బోటు రివాజు. కథ చెప్పేవాడికి ఆ పూట రొయ్యలు ఏరే పని ఉండదు. అతని వాటా పని మిగతావాళ్ళు పంచుకుంటారు.

ఇప్పుడు టీవీలో కనబడ్డ సినిమా పోయిన ఏడాది సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చింది. ఉమామహేష్ మొదటిరోజే చూసొచ్చాడు. దొరబాబుకి బోటుకి రంగులు వేయించే హడావిడిలో తీరిక దొరకలేదు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఏ సినిమా అయినా ముందు తమ్ముడి నోట బోటు మీద వినేసి, తర్వాత తనతో హాల్లో కూర్చుని కునికిపాట్లు పడే మొగుడంటే దుర్గకి చిర్రెత్తేది. వేటకి వెళ్ళే రోజున అన్నం క్యారేజీ చేతికిస్తూ, "మావా, ఈసారి నువ్వు కథ ఇనకు. వొచ్చేక ఇద్దరం ఒకేసారి సూద్దాం" అంది. అతను నవ్వి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, ఒట్టు అన్నాడు.

తొమ్మిదో రోజున బోటు తిరిగొచ్చింది. అందులో దొరబాబు లేడు.

అల వచ్చింది, కొట్టుకుపోయాడు, మేమందరం దూకాం, దొరకలేదు. బోటులోంచి దిగిన ఆరుగురూ ఇదే మాట చెప్పారు. మూడు రోజులు వెతికినా శవం తేలలేదు. దర్భలతో మనిషిని చేసి కర్మ జరిపించారు. ఎవరెన్ని చెప్పినా దుర్గకి ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన ఆమెని తొలిచేసేది. ఒక సినిమా చూసొచ్చిన ఆరుగురు ఆరు రకాలుగా చెబుతారు కదా. ఒక చావు చూసిన ఆరుగురు పొల్లు పోకుండా ఒకేలా ఎలా చెప్పగలిగారు?

ఆ సినిమా మాత్రం ఆమెని వదల్లేదు. దాని పాట ఆటోల్లో వినిపించేది. దాని పోస్టరు హార్బరు గోడ మీద వానకి తడిసి, ఎండకి వెలిసి, నెలల తరబడి అక్కడే ఉంది. పాట వినబడినప్పుడల్లా డీజిలూ ఉప్పునీళ్ళూ కలిసిన వాసన వీపు వెనక గుప్పున తగిలేది, ఎవరో వచ్చి నిలబడినట్టు. తిరిగి చూస్తే ఖాళీ గోడ. ఈ సంగతి ఎవరితో అంటుంది? అంటే ఏ భూతవైద్యుడి దగ్గరకో తీసుకుపోతారు. పైగా, ఆ వాసన పోతే తనకింక ఏం మిగులుతుందన్న భయం కూడా ఉంది. చివరి గంటలో అతను ఏం చేస్తున్నాడో, ఎవరితో మాట్లాడాడో, అది తెలిస్తే చాలనుకునేది. మరిదిని అడిగితే అతను లేచి వెళ్ళిపోయేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ ఏడాదిగా వాళ్ళిద్దరూ పరాయివాళ్ళలా మసులుతున్నారు.

తొమ్మిది కావస్తుండగా పోలిరాజు వచ్చాడు. అన్నదమ్ములతో పాటు అదే బోటులో పనిచేసినవాడు. మంచివాడే, కాకపోతే నోటికి తాళం ఉండదు. బుధవారం పొద్దున్నే బోటులోకి ఐస్ ఎక్కిస్తారనీ, బోటు డ్రైవరు మనుషుల్ని లెక్క చూసుకుంటున్నాడనీ, వస్తావో రావో ఇవాళే తేల్చమనీ ఉమామహేష్‌ని అడిగాడు. ఉమామహేష్ తల దించుకునే రానన్నాడు. ద్వారకా నగర్‌లో బట్టల కొట్టులో పని కుదిరిందట. ఆ దగ్గర్లోనే స్నేహితుడి గదిలో ఉంటాడట. ఈ సాయంత్రమే వెళ్ళిపోతాడట.

ఆ మాట ఆ ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది. పోలిరాజు మాత్రం ఊరుకోక, అతని భుజం మీద చెయ్యి వేసి సముదాయించబోయాడు.

"నీకా బయం అక్కర్లేదు బావా. ఈ ఏడు బోటు మీద ఎవుడూ బొమ్మ సెప్పకూడదని డ్రైవరు అందరి సేతా ఒట్టేయించీసేడు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఉమామహేష్ మొహం చూశాక గానీ తనేమన్నాడో పోలిరాజుకి అర్థం కాలేదు. దుర్గ చేపల వాసన చేతులతోనే లేచి వచ్చి, బొమ్మ ఎందుకు చెప్పకూడదని అడిగింది. పోలిరాజు పనుందని గొణిగి, ఇచ్చిన టీ కూడా ముట్టకుండా సందు మలుపు తిరిగేశాడు.

దుర్గ వీధి తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"మహేషూ, ఇవాళ సెప్పకుండా ఈ గడప దాటలేవు. మీ అన్న ఎలా పోయేడు?"

అతను కాలిగోరుతో గచ్చు గీస్తూ చెప్పాడు. ఎనిమిదో రోజు సాయంత్రం. వల లాగారు. రొయ్యలు బాగా పడ్డాయి. ఏరుతూ అందరూ ముందు భాగంలో కూర్చున్నారు. డ్రైవరు కూడా స్టీరింగు మీద చెయ్యి ఉంచి, చెవి ఇటే పెట్టాడు. తను ఆ లారీ సినిమా చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాడు. సముద్రం కాస్త గడబిడగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. దొరబాబు ఒక్కడే బోటు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. గంటన్నర తర్వాత కథ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చూస్తే వెనకాల ఎవరూ లేరు.

"అల వొచ్చిందో, కాలే జారిందో, ఎవులం సూడలేదొదినా. కేకెట్టేడేమో కూడా తెల్దు. నాను లారీ హారను కొడతన్నాను. అందరూ నవ్వుతన్నారు."

ఎప్పుడు పడ్డాడో తెలియక, ఎంత దూరం వెనక్కి వెళ్ళాలో తెలియక, చీకటి పడేదాకా బోటుని అటూ ఇటూ తిప్పారట. ఒడ్డుకొచ్చే ముందు ఏం చెప్పాలో అందరూ కలిసి అనుకున్నారట.

సూర్యకాంతమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఏడాదిగా ఏడుపుతో తీరని కోపమంతా చేతుల్లోకి వచ్చింది. కొడుకుని వీపు మీద, భుజాల మీద, దొరికినచోటల్లా కొట్టింది. నీ కథ నా బిడ్డని మింగీసిందిరా అంది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టి కొట్టి ఆయాసంతో ఆగి, ఆమె అడిగింది:

"మరి ఆడొక్కడే ఎనక్కెందుకెల్లేడురా? ఆడికీ బొమ్మలంటే పిచ్చే కదా?"

"తెల్దమ్మా" అన్నాడు ఉమామహేష్.

అంటూ అతను దుర్గ వైపు చూడకుండా ఉండటానికి పడ్డ పాటు దుర్గ చూసింది. అతనికి తెలుసు. అన్న వెనక్కెందుకు వెళ్ళాడో అతనికి ఏడాదిగా తెలుసు. తెలిసే తనని తప్పించుకు తిరిగాడు. తన మొహం చూడలేకనో, చూస్తే నిజం బయటపడిపోతుందనో. డీజిలు వాసన వీపు వెనక గుప్పుమంది. ఈసారి పాట లేదు, టీవీ లేదు. వెనక్కి తిరగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. క్యారేజీ అందుకున్న చెయ్యి, నెత్తి మీద ఒట్టు పెట్టిన చెయ్యి. తను ఆ ఒక్క మాట అనకపోతే అతను అందరి మధ్యా కూర్చుని రొయ్యలు ఏరుతూ ఉండేవాడు.

నోరు మూసుకుంటే చాలు. మరిది తనంతట తానే నింద నెత్తిన వేసుకున్నాడు. సాయంత్రానికి వెళ్ళిపోతాడు. అత్త అతన్నే తిట్టుకుంటూ బతుకుతుంది. తనని ఎవరూ ఒక్క మాట అనరు. అంత సులువుగా ఉన్నందుకు దుర్గకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఒట్టు నిలబెట్టుకుని పోయిన మనిషికి తను చేసే మర్యాద ఇదా?

"అబద్దం అత్తా" అంది. "మహేష్‌కి తెలుసు. కథ ఇనొద్దని మీ అబ్బాయి సేత నానే ఒట్టేయించుకున్నాను. ఇద్దరం కలిసి సూద్దామని. నా మూలంగానే ఎనక్కెల్లేడు."

ఉమామహేష్ తల ఎత్తాడు. ఏడాదిలో మొదటిసారి వదిన కళ్ళలోకి చూశాడు.

"ఎల్తా ఎల్తా సెప్పేడొదినా. 'మీ ఒదినకి మాటిచ్చేన్రా, ఇన్నానంటే ఊరుకోదు' అని సెవులు మూసుకుని నవ్వుకుంటా ఎల్లేడు. మేమందరం ఏడిపించేం. ఆఖర్న నానే కేకేసేను, 'అన్నా, అయిపోయింది, ఇంక సెవులు తెరు' అని."

"ఈ మాట నాకెందుకు సెప్పలేదు?"

"తెలిస్తే నువ్వు బతకవని."

దుర్గ తలుపు పట్టుకునే కిందికి జారి కూర్చుంది. ఇన్నాళ్ళూ అడిగి అడిగి వేసారిన చివరి గంట ఇప్పుడు ఆమెకి దొరికింది. నవ్వుకుంటూ వెళ్ళాడు. తన గురించే చెప్పుకుంటూ వెళ్ళాడు. అది గుండెకి చల్లగానూ ఉంది, నిప్పులానూ ఉంది.

సూర్యకాంతమ్మ ఆమె వైపు నడిచింది. కొడుతుందనుకుని దుర్గ కళ్ళు మూసుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, మూలుగుతూ కోడలి పక్కనే నేల మీద కూర్చుంది.

"ఓలమ్మా, మొగుడితో కలిసి బొమ్మ సూడాలనుకోడం తప్పేటే? ఒరే, నలుగుర్ని నవ్వించడం తప్పేట్రా? సముద్రాన్ని అడగలేక మిమ్మల్ని మీరు కొరుక్కు తింటన్నారు. నాకు కోపం లేదనను. ఉంది. రేపో ఎల్లుండో మల్లీ ఏదో ఒకటి అనీస్తాను, పడండి."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో తిట్టు లేదు.

"యాడాది నుంచీ ఈ ఇంట్లో నానొక్కదాన్నే ఏడుస్తన్నాను. నీ కళ్ళల్లో నీళ్ళు లేవు, ఆడి కళ్ళల్లో నీళ్ళు లేవు. నా బిడ్డ పోతే ఈళ్ళిద్దరికీ దుక్కం లేదేటి అనుకున్నాను. దొంగల్లాగ దాసుకున్నారని నాకేటి తెలుసు? ఇంక నా వల్ల కాదు. మీరూ ఏడండి."

ముందు ఉమామహేష్‌కి వచ్చింది. చిన్నపిల్లాడిలా తల్లి ఒడిలో తల దూర్చేసి, అన్నా అన్నా అని వెక్కాడు. దుర్గకి ఇంకాసేపు పట్టింది. ముందు ఊపిరి ఎగిసింది, తర్వాత మావా అన్న పిలుపు బయటికొచ్చింది, దాని వెంట కన్నీళ్ళు వచ్చాయి. అత్త ఒక చేత్తో ఆమెని దగ్గరకి లాక్కుంది. బుధవారం బోటెక్కుతాడో, ద్వారకా నగర్ వెళ్తాడో ఉమామహేష్‌ని ఆ పూట ఎవరూ అడగలేదు. ఏడాది ఆలస్యంగా, ఆ ఇంట్లో దొరబాబు కోసం ముగ్గురూ కలిసి ఏడ్చారు.