కొలత తప్పిన కోటు

“తప్పు మీదే. పిల్లలు చదువుకునే చోట ఎర్ర సిరాతో పేర్లు రాసిన మీదే. రాస్తుంటే పక్కన నిలబడి తలూపిన మీదే. చదివి, మన పేరు లేదు కదా అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయిన మీదే.”

స్కూల్లో పేరెంట్స్ వెయిటింగ్ రూము. పొద్దున్నే వాన. లోపల ఆరేడుగురున్నారు. ఈ మాటలన్నది టైలరింగ్ షాపు అమ్మాయి. వీధంతా ఆమెని కత్తెర అంటారు. గుడ్డ కోసినంత సూటిగా మనిషిని కోస్తుందని.

తలుపు మీద కాగితం ఇలా ఉంది: క్రిస్మస్‌కి ముగ్గురు టీచర్లకి మూడు వెండిపూత ట్రేలు. ఇంటికి ఇంత. ఇవ్వనివాళ్ల పేర్లు కింద చూడండి.

ఆ ‘ఇంత’ అంటే హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికే కత్తెర వాళ్లక్కకి రెండు రోజుల జీతం. ఎర్ర పేర్లలో ఐదోది అక్కదే. అక్క కూతురు అది చదివి మూడు రోజులుగా కడుపునొప్పి అంటోంది. ఆ నొప్పి కడుపులోది కాదని పిన్నికి తెలుసు.

తలుపు పక్కన ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో టేపు చుట్ట.

“అంటించింది మీరేనా?”

“ఏదండీ?”

“చేతిలో టేపు, ఎదురుగా కాగితం. ఇంకా ఏదని అడుగుతారేం?”

“ఈ టేపు మా మేనకోడలు గీసిన ఏనుగు కోసమండీ. గోడ మీంచి ఊడిపోతోంది.” అతను చల్లగా చెప్పాడు. “ఆ ఎర్ర పేర్లలో రెండోది మా అక్కయ్యది.”

“మరి ఇన్నాళ్లూ ఊరుకున్నారే?”

“మొన్న చూశాను. నిన్న ఆలోచించాను. ఇవాళ...”

“ఇవాళ ఏనుగుని అంటించారు.”

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీయడం అతని పని. దేన్నయినా దగ్గరికి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాడని పిల్లలు భూతద్దం అని పేరు పెట్టారు. కత్తెరకి ఇలాంటి నిదానస్తులంటే ఒళ్లు మంట. ఆమె చెయ్యి చాపి కాగితం పీకేసింది.

సరిగ్గా అప్పుడే ఆ కాగితం రాయించిన పేరెంట్స్ కమిటీ మేడమ్ లోపలికి వచ్చింది.

“టీచర్లకి మర్యాద చెయ్యొద్దా అమ్మా?”

“చెయ్యండి. మర్యాదకి రేటు కట్టొద్దంటున్నాను.”

“చెప్పడం తేలిక. ఇంటింటి నుంచీ ఒక బస్ టికెట్ అంత డబ్బు ఇప్పిస్తాను. శుక్రవారానికి ముగ్గురికీ పనికొచ్చే గిఫ్టులు తెచ్చి చూపించు. వాళ్లకి నచ్చితే లిస్టు ఉండదు. నచ్చకపోతే ఈ కాగితం నీ చేత్తోనే మళ్లీ అంటిస్తావు.”

“అంటిస్తాను. ఈయన కూడా ఉంటారు.”

“నేనెందుకండీ?” అన్నాడు భూతద్దం.

“టేపు మీ దగ్గరే ఉంది కదా.”

* * *

మంగళవారం సాయంత్రం గిఫ్టు షాపు. ఎటు చూసినా ‘బెస్ట్ టీచర్’ అని రాసిన కప్పులే. కత్తెర మూడు కప్పులు చేతుల్లోకి తీసేసుకుంది. వరుసలో నిలబడ్డా ఆమె కాలు కుదురుగా లేదు. మిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది.

“ఇవి ఎందుకండీ?” అన్నాడతను.

“తాగడానికి. కప్పులో బట్టలుతుకుతారా?”

“వాళ్ల దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయో చూశారా?”

“మీరు చూశారా?”

“లేదు. అందుకే, ఒక పూట వాళ్ల పని చూసి అప్పుడు కొందాం.”

“ఒక పూటా? ఇవాళ మంగళవారం. రేపు బుధవారం. అవతల శుక్రవారం మీద పడుతోంది. మీ షాపులో ఒక్క కళ్లజోడుకి ఎన్నేళ్లు పడుతుంది?”

“తొందరపడితే రెండోసారి చెయ్యాల్సొస్తుందండీ.”

ఆమె కప్పులు ఠక్కున వెనక్కి పెట్టేసింది. అతను చెప్పింది ఒప్పుకుని కాదు. వాదిస్తూ నిలబడటం కంటే నడవడం నయమనిపించింది. బయట వాన. అతను గొడుగు పట్టాడు. ఆమె వేగానికి గొడుగు అందక ఇద్దరూ సగం సగం తడిశారు.

* * *

బుధవారం స్కూలు వరండాలో, కిటికీల దగ్గర నిలబడి చూశారు.

క్లాస్ టీచరమ్మ బీరువా తెరిచి ఉంది. బోర్లించిన కప్పులు ముప్పైకి తక్కువ లేవు. అన్నీ బెస్ట్ టీచరువే. నిలబెట్టి ఉన్న ఒక్కదాంట్లో విరిగిన క్రేయాన్లు. కత్తెర పక్కకి చూడలేదు. పక్కనున్న మనిషి నవ్వితే చంపేద్దామనుకుంది. అతను నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

“ఆవిడ ఎలా కూర్చుంటోందో చూడండి,” అన్నాడతను మెల్లిగా.

పిల్లల బల్లలు పొట్టివి. టీచరమ్మ ఒక్కో బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంటోంది. లేచినప్పుడల్లా మొహం చిట్లుతోంది.

“మోకాళ్ల కిందకి మెత్త,” అంది కత్తెర. “షాపులో ముక్కలు బస్తాడున్నాయి. ఒక గంట పని.”

లెక్కల టీచర్ కళ్లజోడు ముక్కు మీంచి జారుతోంది. చాక్‌పీస్ పట్టిన చేత్తోనే పైకి తోసుకుంటోంది. ముక్కంతా సుద్ద.

“జోడుకి ముక్కు మీద ఆనే మెత్తలు అరిగిపోయాయి. నేను మారుస్తాను,” అన్నాడు భూతద్దం.

ఇక సైన్స్ సార్. చొక్కా నిండా చిన్న చిన్న చిల్లులు. యాసిడ్ చుక్కలు పడి కాలినవి.

“కోటు కుట్టాలి. కట్‌పీసుల కొట్లో తెల్ల గుడ్డ చవక,” అంది ఆమె.

“మరి కొలతలో? అడిగితే తెలిసిపోతుంది కదా.”

“టేపు చూపు సరిగ్గా లేనివాళ్లకి. నాకు ఒక్క చూపు చాలు. మీరు లోపలికెళ్లి ఏదో ఒకటి మాట్లాడి ఆయన్ని కిటికీ వైపు తిప్పండి.”

అతను లోపలికెళ్లి మైక్రోస్కోపు అద్దం తుడిచిపెడతానన్నాడు. సార్ పక్కనే వచ్చి నిలబడ్డాడు. అతను అద్దం తీసి వెలుతురుకి పట్టాడు, ఊదాడు, తుడిచాడు, మళ్లీ పట్టాడు. ప్రపంచం మునిగిపోతున్నా ఆ అద్దం మీది మచ్చ పోయేదాకా కదలని మనిషిలా ఉన్నాడు. పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న కత్తెర, కిటికీ ఊచ పట్టుకుని, చాలాసేపు ఒక్కచోటే నిలబడిపోయింది.

“దొరికాయా కొలతలు?” అన్నాడు బయటికొచ్చి.

“దొరక్కేం,” అంది. వెంటనే నడక మొదలెట్టింది.

* * *

గురువారం అతను ఆమె షాపుకి మూడుసార్లు వచ్చాడు. కళ్లజోడు మెత్తలు చూపించడానికోసారి, రంగు బాగుందా అని అడగడానికోసారి, మూడోసారి దేనికో అతనికే తెలియలేదు. మిషను ఆగకుండా కొట్టుకుంటోంది.

“రేపటితో మీకు ప్రశాంతం,” అన్నాడు గడపలో నిలబడి.

“మీకు కాదా?”

“నాకేమో... రేపు అయిపోయాక ఏంటా అని చూస్తున్నాను.”

“ఏముంటుంది, ఎవరి పని వాళ్లది.” నోరు జారింది. సూది వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని తలెత్తేసరికి గడప ఖాళీగా ఉంది.

ఆ తర్వాత కుట్టిన కుట్టల్లా రెండుసార్లు విప్పి కుట్టింది.

* * *

శుక్రవారం తొమ్మిదిన్నరకి క్లాసులో అందరూ చేరారు. పిల్లలు, పేరెంట్స్, ముగ్గురు టీచర్లు, మడిచిన కాగితంతో కమిటీ మేడమ్.

క్లాస్ టీచరమ్మ మెత్త నేల మీద వేసి, మోకాళ్లు ఆన్చి, చప్పున లేచి, మళ్లీ ఆన్చింది. లెక్కల టీచర్ తల కిందకి వంచి ఊపింది. జోడు జారలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సైన్స్ సార్ కోటు తొడిగాడు.

చేతులు వేళ్లు దాటి వేలాడాయి. గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. సార్ పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. ఆ సంగతి ఒకటో క్లాసు పిల్లాడైనా చెప్తాడు.

కత్తెరకి తల కొట్టేసినట్టయింది.

“కొలవకుండానే కుట్టేశావా?” అంది కమిటీ మేడమ్.

సార్ భుజాల కుట్టు తడిమి చూశాడు. “అమ్మాయ్, ఈ కుట్టు చూడకుండా కుట్టింది కాదు. ఇది ఎవరికో ఉన్నది ఉన్నట్టు సరిపోవాలి.” క్లాసంతా ఒకసారి కలయజూశాడు. “బాబూ, మొన్న నా మైక్రోస్కోపు తుడిచావు. ఇలా రా.”

భూతద్దం వేసుకున్నాడు. భుజం దగ్గర భుజం, మణికట్టు దగ్గర చెయ్యి. గుండీలు వాటంతటవే పడ్డట్టు పడ్డాయి.

“పిన్నీ, నువ్వు కిటికీలోంచి చూసింది ఆ మామయ్యనా?” అంది అక్క కూతురు, క్లాసంతా వినేలా.

ఎవరో కిసుక్కుమన్నారు. కత్తెర నేల చూసింది. కాలు ఆడటం మానేసింది.

“ఒప్పందం ఒప్పందమే. మూడింట్లో ఒకటి పోయింది. లిస్టు మళ్లీ అంటించాలి,” అంది మేడమ్.

“ఏ లిస్టు?” అంది క్లాస్ టీచరమ్మ.

టీచర్లు ఆ వెయిటింగ్ రూములోకి రారు. వాళ్లకా కాగితం సంగతే తెలియదు. టీచరమ్మ తీసుకుని చదివింది. చదివి సార్‌కిచ్చింది. 

“మా పేరు చెప్పి ఇది రాశారా?” అంది.

మేడమ్ పైట సర్దుకుంది. “మీ గౌరవం కోసమే...”

“ఇన్నేళ్లలో నా చొక్కా కాలడం చూసినవాళ్లు వీళ్లే,” అన్నాడు సార్. “కోటుదేముంది, సైజు మారిస్తే సరిపోతుంది. మీ ట్రే ఏ సైజులో తెచ్చినా నాకు పనికిరాదు.”

మేడమ్ కాగితం తీసుకుని బ్యాగులో పెట్టుకోబోయింది. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. మేడమ్ అక్కడే దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

* * *

కత్తెర వరండాలోకి వచ్చేసింది. వెనకాలే అతను, కోటు విప్పకుండానే.

“నేను సార్ పక్కనే ఉన్నాను కదా. చూపు కాస్త పక్కకి జరిగి ఉంటుందిలెండి,” అన్నాడు. ఆమె తప్పుకోవడానికి దారి చూపిస్తున్నాడు.

ఆమె ఆ దారి పట్టలేదు. “పదేళ్లుగా కుడుతున్నాను. ఒక్క కొలతా తప్పలేదు. మొన్నా తప్పలేదు. కొలిచిన మనిషే వేరు.”

“నిన్న ఎవరి పని వాళ్లదన్నారు?”

“అన్నాను. అబద్ధం. మీరు మూడుసార్లు ఎందుకొచ్చారు?”

“ఒక్కసారి వస్తే చాలే పనది.” వాన చినుకులు వరండా అంచు మీద పడుతున్నాయి. అతను వాటినే చూస్తూ అన్నాడు, “నాలుగోసారి కూడా బయల్దేరాను. మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కెళ్లాను. ఆలోచించుకుని, రేపో ఎల్లుండో...”

“చాల్లే. ఇక ఆలోచించకు.” మీరు ఎప్పుడు నువ్వైందో ఇద్దరూ పట్టించుకోలేదు. “ఆ కోటు ఉంచుకో. సార్‌కి ఇంకోటి సాయంత్రం బెల్లు లోపు కుట్టివ్వాలి. గుడ్డ నువ్వు తేవాలి. అంతకంటే ముందు మా అక్క, ఇంట్లో నాకున్న పెద్దదిక్కు. పదకొండుకి షిఫ్టు ఎక్కుతుంది, ఎక్కితే రాత్రి దాకా చేతికి దొరకదు. కాబట్టి రేపు లేదు, ఎల్లుండి లేదు. ఇప్పుడే నడు. మా అక్క ముందు నిలబడి, అడగాల్సింది నోరు తెరిచి అడుగు.”