వద్దన్నవాడి లెక్క

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపలి మనిషి నేలకొరిగి ఉన్నాడు. మెడలో రెండు తూటాలు. గూఢచారి శాఖలో ఎనిమిదేళ్ళు పనిచేసిన ఏజెంట్ అతడు. అతని చిరునామా ఉన్న రహస్య ఫైలు విదేశీ ముఠాకు చేరింది. సర్వర్ లాగ్‌లో ఆ ఫైలు తెరిచిన చివరి పేరు అతనిదే. శాఖకు ఆ సాక్ష్యం చాలింది. చచ్చినవాడికి ద్రోహి అని ముద్ర వేసింది. అదే శాఖలో ఏజెంటైన అతని అక్కను సస్పెండ్ చేసింది. ఆమె మారుపేరు పంతులమ్మ.

ఐదు నెలల తరువాత నెమలి కబురు పంపి ఆమెను చాటుగా కలిసింది. ముఠా నాయకుడి పక్కన పచ్చల హారంతో మెరిసే నెమలి, నిజానికి శాఖ మనిషి.

"ముఠావాళ్ళు గెస్ట్ అకౌంట్‌తో ఒకే ఫైలును మళ్ళీ మళ్ళీ అడుగుతారు. సర్వర్ కుదరదంటుంది. నాలుగైదుసార్లు కుదరదన్నాక తనే చేతిలో పెడుతుంది. మీ తమ్ముడి ఫైలు అలాగే పోయింది. రేపు పదింటికి ఇంకో ముగ్గురిది."

ఫైలు తెరిచినవారిని సర్వర్ లెక్కపెట్టుకుంటుంది. తెరిస్తే ఒకటి కలుపుతుంది, మూస్తే ఒకటి తీసేస్తుంది. లెక్క సున్నా అయితే ఫైలు ఇక ఎవరికీ అక్కర్లేదనుకుని, అదున్న చోటును తుడవకుండానే అడిగినవారికి ఇచ్చేస్తుంది. ఆ కోడ్ రాసింది పంతులమ్మే.

తమ్ముడు ఒకనాడు ఆమె భుజం మీదుగా చూసి అడిగాడు. "అక్కా, వద్దని పంపేసినవాడికి కూడా ఒకటి తీసేస్తున్నావేంటి? వాడికి అసలు కలపనేలేదుగా?"

"నువ్వు ఫైళ్ళు చదువుకో నాయనా. కోడ్ నాకొదిలెయ్."

అతడు నవ్వి ఊరుకున్నాడు. టీకి వెళ్ళినా ఫైలు మూసే అలవాటు లేనివాడు. వద్దన్నవాడి పేరు లాగ్‌కు ఎక్కదు కనుక, చివరి పేరుగా అతనిదే మిగిలింది.

నెమలి లిప్‌స్టిక్ ఒకటి పంతులమ్మ చేతిలో పెట్టింది. "మూత తిప్పితే పెన్‌డ్రైవ్."

"సర్వర్ గదిలోకి వెళ్ళే ఏసీ మెకానిక్ వేషానికి లిప్‌స్టిక్కా?"

"మెకానిక్ ముస్తాబైతే తప్పా, పంతులమ్మగారూ?"

మరునాడు తొమ్మిదీ యాభైకి ఆమె సర్వర్ గదిలో ఉంది. పెన్‌డ్రైవ్‌లోంచి ఆ తప్పు లైను దిద్దే ప్యాచ్ ఎక్కించి రీస్టార్ట్ నొక్కబోతుండగా వెనుక ఛీఫ్ గొంతు వినిపించింది.

"చెయ్యి తియ్యమ్మా. తమ్ముడి కోసం శాఖను ముంచకు."

"పది నిమిషాల్లో ముగ్గురు చస్తారు సార్. ద్రోహి నా తమ్ముడు కాదు, ఈ లైను. రాసింది నేను. నా పేరుతోనే నమోదు చేయండి."

ఛీఫ్ తెర మీది లైనును రెండుసార్లు చదివాడు. పక్కకు జరిగాడు.

సర్వర్ లేచేసరికి పదికి మూడు సెకన్లు. గెస్ట్ అకౌంట్ అడిగింది. కుదరదు. మళ్ళీ అడిగింది. కుదరదు. నలభైసార్లు అడిగినా లెక్క ఒక్కటీ తగ్గలేదు. అడుగుతున్న కంప్యూటర్ ఏ ఇంట్లో ఉందో ఈలోగా తేలింది. మధ్యాహ్నానికి ముఠా మొత్తం పట్టుబడింది.

పంతులమ్మ సంతోషించలేదు. ఆనాడు ఒక్క నిమిషం ఆగి తమ్ముడి మాట విని ఉంటే చాలేదని ఆమెకు తెలుసు.

వారం తిరక్కుండా శాఖ అతడిని నిర్దోషిగా ప్రకటించింది. సోమవారం ఉదయం పది గంటలకు తప్పక విధులకు హాజరు కావలసిందిగా అతని పేరిట ఉత్తరం కూడా పంపింది.